గులాబీ ఆకులకు గుండ్రటి కోతలు: పెరట్లో ఉంటున్నవాళ్ళతో మీ పరిచయం ఎలా మొదలైంది?

పెరటి అరుగు
అందరికీ నమస్కారం. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు నడక తగ్గించమన్నారు. పొద్దునా సాయంత్రం వెనక అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చోవడమే నా పని. 12 ఏళ్ళుగా ఈ మొక్కలకు నీళ్ళు పోస్తున్నది నేనే. అయినా ఇక్కడ ఎవరెవరు ఉంటున్నారో ఇప్పుడే తెలుస్తోంది.

ముందు గులాబీ సంగతి చెప్తాను. ఆకుల అంచుల్లో ఎవరో చిన్న కత్తెర పెట్టి కోసినట్టు గుండ్రటి కోతలు కనిపించాయి. పోయినేడు ఇలాగే ఉంటే పురుగు పట్టిందని మందు కొట్టేశాను. ఈసారి కుర్చీలో ఉన్నాను కాబట్టి దొంగను చూడగలిగాను. అదొక తేనెటీగ. కాస్త బొద్దుగా ఉంది, పొట్ట కింద పసుపు రంగు నూగు. ఆకు అంచును కాళ్ళతో రెండు వైపులా పట్టుకుని, దవడలతో కోసుకుంటూ గుండ్రంగా తిరిగింది. పది సెకన్లు కూడా పట్టలేదు. ముక్క తెగే క్షణానికి రెక్కలు ఆడించడం మొదలుపెట్టింది, లేకపోతే ముక్కతో పాటు అదీ కింద పడేది. ఆ ముక్కను చాపలా చుట్టి పొట్ట కింద పెట్టుకుని ఎగిరి, చిక్కుడు పందిరికి కట్టిన వెదురు బొంగు కన్నంలోకి దూరింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆ పూట 14 సార్లు లెక్కపెట్టాను.

పోయినేడు నేను మందు కొట్టి చంపింది దీని జాతినే కదా అని ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఇది ఏ తేనెటీగ? దీనివల్ల గులాబీకి నష్టం ఉందా? ఇంకో మాట కూడా అడగాలని ఉంది. మీ పెరట్లో, బాల్కనీలో రోజూ పలకరించుకునే జీవి ఎవరైనా ఉన్నారా? ఆ పరిచయం ఎలా మొదలైంది?

మట్టివాసన
పెరటి అరుగు గారూ, ముందు మీ మోకాలు త్వరగా నయం కావాలి.

మీరు చూసింది ఆకులు కత్తిరించే తేనెటీగ. ఇది ఆకు తినదు. పట్టు పెట్టదు, గుంపులో ఉండదు, రాణి, కూలీలు అన్న తేడాలూ లేవు. ప్రతి ఆడ ఈగా ఒంటరిగా తన గూడు తనే కట్టుకుంటుంది. కోసిన ముక్కలను కన్నంలో ఒకదాని మీద ఒకటి పేర్చి చిన్న గిన్నెలాంటి గది చేస్తుంది. అందులో పుప్పొడీ మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి, గుండ్రటి ఆకు ముక్కలతో మూసేస్తుంది. దాని ముందు ఇంకో గది. అలా బొంగు నిండేదాకా వరస. లోపలి గదుల్లో ఆడ పిల్లలు, బయటి గదుల్లో మగ పిల్లలు ఉంటాయి. మగవి ముందు బయటికి వస్తాయి కాబట్టి ఆ ఏర్పాటు.

పొట్ట కింద పసుపు నూగు అన్నారే, అదే దాని పుప్పొడి సంచి. మామూలు తేనెటీగ వెనక కాళ్ళకు ముద్ద కట్టుకుంటుంది. ఇది పొట్టకు పూసుకుని పొడిపొడిగా తీసుకెళ్తుంది కాబట్టి పువ్వు పువ్వుకీ రాలుస్తూ పోతుంది. మీ చిక్కుడుకు కాయ బాగా పట్టిందంటే కొంత దీని చలవే. నాలుగు ఆకుల అంచులు పోయినంత మాత్రాన గులాబీకి ఏమీ కాదు.

ఆ వెదురు బొంగును మాత్రం కదపకండి, తడవనివ్వకండి. వెచ్చటి వాతావరణంలో కొన్ని వారాలకే పిల్లలు బయటికి వస్తాయి. చలి ఎక్కువగా ఉండే చోట్ల చలికాలమంతా లోపలే గడిపేస్తాయి.

పోయినేటి సంగతి మనసులోంచి తీసేయండి. తెలియక చేశారు. ఇప్పుడు తెలిసింది కదా.

కాకి నేస్తం
నాకు కాకి. పై ముక్కు కొన కొంచెం విరిగి ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. రోజూ ఏడింటికి గోడ మీదికి వస్తుంది. నేను తిండి పెట్టను, వెడల్పాటి మట్టి పళ్ళెంలో నీళ్ళు మాత్రం మారుస్తాను. నేను పళ్ళెం కడుగుతుంటే మూరెడు దూరంలో నిలబడి చూస్తుంది. వేరేవాళ్ళు కడిగితే దూరంగా చెట్టెక్కి కూర్చుంటుంది.

కాకులు మనిషి ముఖం గుర్తుపెట్టుకుంటాయన్నది పరిశోధనలో కూడా తేలింది. అమెరికాలోని సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు 2006లో ఒక ముసుగు వేసుకుని కొన్ని కాకులను పట్టి, కాళ్ళకు రింగులు వేసి వదిలేశారు. ఆ తర్వాత ఎవరు ఆ ముసుగు వేసుకుని నడిచినా కాకులు గోలగోలగా అరిచేవి. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. అప్పుడు పట్టుబడని కాకులు కూడా మిగతావాటిని చూసి నేర్చుకుని అరిచాయి.

పోయిన నెల పిల్లను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల నోరు తెరిస్తే లోపలంతా ఎర్రగా ఉంది. పళ్ళెం అంచున నిలబడి నీళ్ళలో తన నీడను పొడిచి వెనక్కి గెంతింది.

ఇంకో విషయం. ఈ కాకి ఒక్కోసారి కీచుగా, గబగబా, వేరే గొంతుతో అరుస్తుంది. ఆ అరుపు రాగానే ఉడుత మాను మీద బల్లిలా అతుక్కుపోయి కదలదు. పిగిలిపిట్టలు పొదలోకి దూరిపోతాయి. తలెత్తితే పైన డేగ తిరుగుతుంటుంది. మూడుసార్లు చూశాను. వాటి భాషలు వేరైనా ఆ మాట మాత్రం అందరికీ అర్థమవుతున్నట్టే ఉంది.

సూక్ష్మదర్శిని
కాకి నేస్తం గారూ, మీరు చూసింది నిజమే. 2019లో ఉడుతల మీద ఒక ప్రయోగం జరిగింది. ముందు డేగ అరుపు వినిపించారు, ఉడుతలు బిగుసుకుపోయాయి. తర్వాత కొన్నింటికి పిట్టల మామూలు కిచకిచలు వినిపించారు, కొన్నింటికి ఉత్త చప్పుళ్ళు. కిచకిచలు విన్నవి త్వరగా తేరుకుని తమ పనిలో పడ్డాయి. పిట్టలు తీరిగ్గా మాట్లాడుకుంటున్నాయంటే ఆపద పోయినట్టే అని ఉడుత లెక్క. నేను పాతికేళ్ళుగా జీవశాస్త్రం చెప్తున్నాను, ఇది చదివాక పెరట్లో పిట్టల అరుపులు వినే తీరే మారిపోయింది నాకు.

ముక్కుసూటి
ఎవరూ ఏమీ అనుకోనంటే ఒక మాట. "ప్రకృతిలో సహకారం" అనగానే మనం కరిగిపోతాం. నా మిరప మొక్కల దగ్గరికి వచ్చి చూడండి సహకారం ఎలా ఉంటుందో.

చిగుళ్ళ నిండా పేనుబంక, రసం పీల్చే బుజ్జి పురుగులు. వాటి చుట్టూ నల్ల చీమలు. భూతద్దం పెట్టి చూశాను. చీమ తన మీసాలతో పేనుబంక వీపు మీద నెమ్మదిగా తట్టింది, దాని వెనక నుంచి తేనె బొట్టు వచ్చింది, చీమ తాగేసింది. మనం పాలు పితుక్కున్నట్టే. అక్షింతల పురుగు ఒకటి వచ్చి వాలితే నాలుగు చీమలు కలిసి కాళ్ళు కొరికి తరిమేశాయి. వాటి మధ్య సహకారం బ్రహ్మాండంగా ఉంది. మధ్యలో ప్రాణం పోయింది నా మొక్కలకు. ఎనిమిదింటిలో మూడు ఇప్పటికే ముడుచుకుపోయాయి.

ఒకటి బతకాలంటే ఇంకొకటి చావాల్సిందే. దీంట్లో మనం ఆత్మీయత వెతుక్కోవడం మన మనసు కోసమే తప్ప వాటి కోసం కాదేమో. నిజంగానే అడుగుతున్నాను, నొప్పించాలని కాదు.

రాత్రి టార్చి
నాకు గోదురు కప్ప. పగలంతా పగిలిన కుండీ కింద, రాత్రి ఎనిమిదికి బయటికి. టార్చి వెలుగులో కళ్ళు బంగారంలా మెరుస్తాయి. నత్తగుల్లల బెడద తగ్గడానికి అదే కారణమని నా నమ్మకం. ఆ కుండీని రెండేళ్ళుగా జరపలేదు.

సూక్ష్మదర్శిని
ముక్కుసూటి గారూ, మీ ప్రశ్న చాలా మంచిది. వివరంగా రాస్తాను.

సహకారం అంటే స్నేహం అనుకుంటే మీరన్నది పూర్తిగా నిజం. అక్కడున్నది ఇచ్చిపుచ్చుకోవడం. ఒకరికి మిగులుగా ఉన్నది ఇంకొకరికి కరువుగా ఉంటుంది, అక్కడ లావాదేవీ పుడుతుంది. 1879లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ "సహజీవనం" అనే మాటను నిర్వచించినప్పుడు కూడా వేర్వేరు జాతులు కలిసి బతకడం అన్నాడే కానీ, రెండింటికీ లాభం ఉండి తీరాలని అనలేదు.

బొబ్బర మొక్కను వేళ్ళతో సహా పెకిలించి చూడండి. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం వల్ల వచ్చిన రంగు అది. బుడిపెలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది. చక్కెర తింటూ పని చేయని బాక్టీరియా ఉంటే? 2003లో సోయా చిక్కుడు మీద ఇదే పరీక్షించారు. కొన్ని బుడిపెలకు నత్రజని అందకుండా చేశారు, అంటే బాక్టీరియా ఇవ్వలేని పరిస్థితి. మొక్క ఆ బుడిపెలకు వెళ్ళే ఆక్సిజన్ తగ్గించేసింది, వాటిలో బాక్టీరియా పెరుగుదల సగానికి పడిపోయింది. మొక్కకు కళ్ళు లేవు, మెదడు లేదు, అయినా లెక్క చూసుకుంటుంది.

ఇప్పుడు మీ చీమలు. అదే చీమలను బొబ్బర మొక్క మీద చూడండి. పువ్వుల్లోనే కాదు, పూల కాడ మీద కూడా ఆ మొక్క తీపి బొట్లు ఊరిస్తుంది. ఆముదం ఆకు కాడ మీద కూడా అలాంటి గుండ్రటి గ్రంథులు కంటికి కనిపిస్తాయి. ఆ తీపి కోసం చీమలు కొమ్మలన్నీ తిరుగుతూ గొంగళిపురుగులను, గుడ్లను ఏరేస్తాయి. అక్కడ చీమ కాపలాదారు, మీ మిరప మీద అదే చీమ పేనుబంకకు కాపరి. తీపి ఎవరిస్తే వాళ్ళ పక్షం.

దీనివల్ల నాకు విరక్తి కలగలేదు, ఇంకా గౌరవం పెరిగింది. మంచితనం మీద ఆధారపడని ఏర్పాటు కాబట్టే ఇంతకాలం నిలబడింది. భూమి మీద మొక్కల్లో ఎక్కువ భాగం వేళ్ళ దగ్గర బూజు జాతులతో పొత్తు పెట్టుకుని బతుకుతున్నాయి. ఆ పొత్తు 40 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్లోనే కనిపిస్తోంది.

మీ మిరప కోసం ఒక పని చేయండి. మిగిలిన కుండీలను వెడల్పాటి నీళ్ళ పళ్ళెంలో ఒక ఇటుక మీద పెట్టండి. ఆకులు గోడకు, పక్క మొక్కకు తగలకూడదు. చీమల దారి తెగుతుంది. దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి. తర్వాత పది రోజులు మందు జోలికి పోకుండా చూడండి.

మట్టివాసన
మేడిపండు పొట్ట విప్పితే పురుగులేనని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ పురుగులు లేకపోతే మేడి జాతే లేదు. మేడిపండు అంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆడ కందిరీగ, చీమకన్నా చిన్నది, కింద ఉన్న ఇరుకు కన్నంలోంచి దూరుతుంది. ఆ దూరడంలో రెక్కలు తెగిపోతాయి. తెచ్చిన పుప్పొడి లోపలి పూలకు అంటించి, కొన్నింట్లో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్లలో పుట్టిన మగవాటికి రెక్కలే ఉండవు. జతకట్టి, ఆడవాటి కోసం బయటికి సొరంగం తవ్వడంతో వాటి జీవితం అయిపోతుంది. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి. ముక్కుసూటి గారన్న చావు కూడా ఈ కథలో ఉంది. చెట్టూ ఉంది, దాని పళ్ళ మీద బతికే పిట్టలూ గబ్బిలాలూ ఉన్నాయి.

కుండీల తోట
నాది నాలుగో అంతస్తు బాల్కనీ, 20 కుండీలు. రెండు విషయాలు.

మొదటిది, టమాటా, వంగ. రెండు నెలలు పూత వచ్చి రాలిపోయింది, కాయ పట్టలేదు. ఒక రోజు పెద్ద నల్ల తుమ్మెద వచ్చింది. వంగ పువ్వుకు వేలాడి రెక్కలు కదపకుండానే ఒళ్ళంతా వణికించింది. "జుంయ్" అనే శబ్దం పువ్వు మీద వాలగానే ఒక్కసారిగా సన్నగా, పదునుగా మారింది. ఆ వణుకుకు పువ్వులోంచి పసుపు పొడి దాని పొట్ట మీద రాలడం కళ్ళారా చూశాను. ఆ వారం నుంచి పిందెలు కనిపిస్తున్నాయి.

రెండోది అర్జెంటు. టమాటా మీద పచ్చ గొంగళిపురుగు. దాన్ని తీసి పారేద్దామని వెళ్తే వీపు నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటివి అతుక్కుని ఉన్నాయి. పురుగు కదలడం లేదు కానీ బతికే ఉంది. ఇది ఏమైనా జబ్బా? మిగతా మొక్కలకు అంటుకుంటుందా? టెన్షన్‌గా ఉంది.

మట్టివాసన
పారేయకండి! అవి చిన్న కందిరీగల పట్టుగూళ్ళు. తల్లి కందిరీగ గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టింది, పిల్లలు లోపలే పెరిగి బయటికొచ్చి గూళ్ళు అల్లుకున్నాయి. ఆ గొంగళిపురుగు ఇక మీ ఆకులు తినదు. గూళ్ళలోంచి వచ్చేవి మనుషులను కుట్టవు, వచ్చే తరం గొంగళిపురుగులను వెతుక్కుంటాయి.

తుమ్మెద సంగతి భలే పట్టుకున్నారు. టమాటా, వంగ పువ్వుల్లో పుప్పొడి చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో ఉంటుంది, ఉప్పు సీసా లాగా. ఊపితేనే రాలుతుంది. పట్టు తేనెటీగలకు ఆ విద్య రాదు, తుమ్మెదలకు వచ్చు. ఎవరూ రాని రోజుల్లో పొద్దునపూట పూల కాడను వేలితో మెల్లగా తట్టండి.

కుండీల తోట
ఆ మొక్కను పక్కకు జరిపి పెట్టాను. నిజం చెప్పాలంటే చూడటానికి కష్టంగా ఉంది. గొంగళిపురుగు ఇంకా తల కదుపుతోంది.

సూక్ష్మదర్శిని
కష్టంగానే ఉంటుంది. పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నాకూ గొంతు తడబడుతుంది. చూడలేకపోతే చూడకండి, అందులో తప్పేమీ లేదు. ఒక్క విషయం మాత్రం చెప్తాను. గొంగళిపురుగు కొరికిన ఆకు నుంచి ఒక ప్రత్యేకమైన వాసన వెలువడుతుంది. చాలా మొక్కల్లో ఆ వాసన పట్టుకునే కందిరీగలు వస్తాయి. 1990లో మొక్కజొన్న మీద ఇది స్పష్టంగా చూపించారు. ఉత్తినే చింపిన ఆకుకన్నా, పురుగు ఉమ్మి తగిలిన ఆకు ఎక్కువ వాసన వెదజల్లింది.

రాత్రి టార్చి
డార్విన్ వానపాముల కుండీలు ఇంట్లో పెట్టుకుని రాత్రుళ్ళు చూసేవాడట. పియానో వాయిస్తే వాటికి వినిపించలేదు. కుండీని పియానో మీదే పెట్టి ఒక్క స్వరం మీటితే చటుక్కున కన్నంలోకి దూరాయి. చెవులు లేవు, ఒళ్ళంతా అదురును పట్టుకుంటుంది. ఇది తెలిశాక నేను రాత్రి తోటలో చెప్పులు లేకుండా, మెల్లగా నడుస్తున్నాను. ఇప్పుడు వానపాములు సగం ఒళ్ళు బయట పెట్టి ఎండుటాకును కొన పట్టుకుని లోపలికి లాక్కోవడం కనిపిస్తోంది. ఇంతకుముందు నా అడుగుల అదురుకే అవి దాక్కునేవి.

ముక్కుసూటి
పదకొండు రోజులు అయింది. సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టే చేశాను.

నాలుగో రోజుకు చీమలు తగ్గాయి. ఆరో రోజు పొద్దున చిగురు మీద ఒక వింత పురుగు. నల్లగా, పొడుగ్గా, మొసలి పిల్లలా ఉంది, ఒంటి మీద నారింజ మచ్చలు. ఇలాంటివి ఇంతకుముందు కూడా కనిపించాయి, చీడ అనుకుని నలిపేసేవాణ్ణి. ఈసారి భూతద్దం తెచ్చాను. ఒక పేనుబంకను దవడలతో పట్టి పైకెత్తింది. దాని ఆరు కాళ్ళు గాలిలో కొట్టుకుంటున్నాయి. నిమిషంలోపు అందులో సారమంతా పీల్చి తొక్క వదిలేసి, రెండోదాని దగ్గరికి వెళ్ళింది. ఒకే చోట నిలబడి 40 నిమిషాలు చూశాను. ఆఫీసు ఫోను వస్తే కూడా తీయలేదు.

అది అక్షింతల పురుగు పిల్లని వెతికి తెలుసుకున్నాను. అంటే ఇన్నాళ్ళూ నాకు సాయం చేసేవాటినే నలిపాను.

అయిదు మొక్కలూ చిగురుస్తున్నాయి. ఒకటి బతకాలంటే ఇంకొకటి చావాలన్న నా మాట వెనక్కి తీసుకోను, కళ్ళతో చూశాను కదా. కానీ ఇప్పుడు పొద్దున లేవగానే కాళ్ళు ఆ కుండీల వైపే వెళ్తున్నాయి. పిల్లపురుగులు తొమ్మిది ఉన్నాయి. నిన్న ఒకటి ఆకు అడుగున తోక అతికించుకుని కదలకుండా ఉంది. చచ్చిపోయిందా?

మట్టివాసన
లేదండీ, ప్యూపా అయింది, అంటే పిల్లపురుగు పెద్ద పురుగుగా మారే దశ. ముట్టుకోకండి. వారం లోపు రెక్కలతో వస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు మచ్చలు లేకుండా లేత పసుపుగా ఉంటుంది, కొన్ని గంటల్లో రంగు ముదురుతుంది. పొద్దున్నే చూస్తే దొరుకుతుంది.

కాకి నేస్తం
నీళ్ళు పెట్టేవాళ్ళకు చిన్న సూచన. పళ్ళెం లోతు రెండు మూడు వేళ్ళకు మించకూడదు, గరుకుగా ఉండాలి, మధ్యలో నాలుగు గులకరాళ్ళు వేయండి. తేనెటీగలు రాళ్ళ మీద వాలి తాగుతాయి, లేకపోతే మునిగిపోతాయి. రోజూ కడగాలి. పిల్లి దాక్కునే పొద పక్కన మాత్రం పెట్టొద్దు.

కుండీల తోట
గూళ్ళకు కన్నాలు పడ్డాయి. ప్రతిదానికీ ఒక చివర చిన్న మూత తెరుచుకుని ఉంది. నేను చూడకముందే ఎగిరిపోయాయి. రెండు మాత్రం రెయిలింగు మీద మీసాలు తుడుచుకుంటూ కనిపించాయి. దోమంత కూడా లేవు.

ముక్కుసూటి
దొరికింది. ఆరుంబావుకి. లేత పసుపు, తడిగా, ఒక్క మచ్చ కూడా లేదు. ఎనిమిదికల్లా ఎర్రబడింది. మా అబ్బాయిని నిద్రలేపి చూపించాను.

పెరటి అరుగు
ఈ కబుర్లన్నీ రోజూ చదువుతూనే ఉన్నాను, వెదురు బొంగు సంగతి తేలాక రాద్దామని ఆగాను.

ఆకు మూత కొన్ని రోజులుగా గోధుమరంగుకు తిరిగి, ఎండి ఉంది. ఏడో వారం నిండుతుంటే ఆశ వదిలేసుకున్నాను. ఇవాళ పొద్దున ఎండ పడ్డాక మూత మధ్యలో ఆవగింజంత కన్నం. అందులోంచి రెండు దవడలు కదులుతున్నాయి. లోపలి నుంచి కొరుకుతోంది. 25 నిమిషాలు పట్టింది. తల బయటపెట్టి, ఆగి, మీసాలు రెండూ ముందరి కాళ్ళతో దువ్వుకుంది. బయటి గది కాబట్టి మగదే అనుకుంటాను. కాసేపు బొంగు అంచున ఎండలో కూర్చుని ఎగిరింది. మధ్యాహ్నానికి ఇంకో రెండు వచ్చాయి. లోపల ఇంకా ఉన్నాయి.

బొంగు దాకా కర్ర లేకుండానే నడిచి వెళ్ళాను. గులాబీకి కొత్త ఆకులు వచ్చాయి. రెండింటికి అప్పుడే కోతలు పడ్డాయి, ఇవాళ వచ్చినవాటివి కావు, ఇంకెవరో ఉన్నారు. చిక్కుడు పందిరికి పక్కన ఇంకో నాలుగు వెదురు బొంగులు కట్టించాను, వాన పడకుండా పైన రేకు ముక్క వేయించి.